క్లచ్ నొక్కినా దిగని ఆర్‌పీఎం: గాలి ఏ దారిన వస్తోంది?

ప్రశ్న: నా దగ్గర పాతికేళ్లు దాటిన పెట్రోల్ పికప్ ఉంది. ఐదు గేర్ల మాన్యువల్. ఇంజెక్షన్ ఇంజినే గానీ యాక్సిలరేటర్‌కి మాత్రం కేబులే. ఆరు నెలల నుంచి మూడు రకాలుగా సతాయిస్తోంది. గేరు మార్చడానికి క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ వదిలేస్తే ఆర్‌పీఎం వెంటనే దిగదు, 2000 దగ్గర వేలాడుతుంది. ఆగినప్పుడు న్యూట్రల్‌లో 1000 నుంచి 1800 దాకా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇక పొద్దున్నే మొదటిసారి నొక్కితే పెడల్ అతుక్కున్నట్టుండి, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది, బండి దూకుతుంది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో కొలిచే సెన్సర్ (టీపీఎస్) మార్చాడు. తేడా ఏమీ లేదు. ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, పోయిందంటున్నాడు. మార్పించమంటారా, బండి అమ్మేయమంటారా?

జవాబు: బండి అమ్మకండి. ఈసీయూ కూడా ఇప్పుడే కొనకండి. మీ బండిలో ఈసీయూ బతికే ఉందనడానికి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఒక జాగ్రత్త. పెడల్ అతుక్కుంటోందని రాశారు. ఇవాళ మూసి ఉన్నప్పుడు అతుక్కునేది రేపు తెరిచి ఉన్నప్పుడు అతుక్కోవచ్చు. నడుస్తుండగా రేస్ అలాగే ఉండిపోతే కంగారు పడకండి. క్లచ్ పూర్తిగా నొక్కండి, గేరు న్యూట్రల్‌కి లాగండి, బ్రేకు ఒకేసారి గట్టిగా నొక్కి పట్టుకోండి. బ్రేకును వదులుతూ నొక్కుతూ ఉంటే మాత్రం బ్రేకును తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ కాస్తా అయిపోయి పెడల్ రాయిలా అవుతుంది. ఇంజిన్ అరుస్తుంది, అరవనివ్వండి. బండిని పక్కకు తీసి ఆపాక తాళం తిప్పి ఇంజిన్ కట్టేయండి. కదులుతున్న బండిలో తాళం చివరి దాకా తిప్పి బయటికి లాగేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది, ఆ పని మాత్రం చేయొద్దు. కాలి కింద క్లచ్ ఉండటం ఇలాంటప్పుడు పెద్ద ధైర్యం.

ఇప్పుడు అసలు విషయం. పెట్రోల్ ఇంజిన్ గాలి లేకుండా రేస్ అవ్వదు. సెన్సర్ అబద్ధం చెప్పొచ్చు, వైరు తెగొచ్చు, పెట్రోల్ ఎక్కువ పోయొచ్చు, అయినా వేడెక్కిన ఇంజిన్ మీ కాలి ప్రమేయం లేకుండా 2000 దగ్గర తిరుగుతోందంటే అంత గాలి ఎక్కడి నుంచో లోపలికి వెళుతున్నట్టే. అది వెళ్లడానికి దారులు మూడే. ఒకటి, మీ కాలు తెరిచే థ్రాటిల్ ప్లేటు. రెండు, ఆ ప్లేటును తప్పించి పక్కనుంచి ఈసీయూ వదిలే ఐడిలింగ్ గాలి, అంటే ఐఏసీ వాల్వు దారి. మూడు, ఎవరూ తెరవకుండానే తెరుచుకున్న దొంగదారి: పగిలిన వాక్యూమ్ పైపు, పోయిన గ్యాస్కెట్, అలాంటివి. మీ మెకానిక్ ఈ మూడింట్లో ఒక్కదాన్నీ చూడలేదు. ప్లేటు ఎంత తెరుచుకుందో చెప్పే టీపీఎస్‌ను మార్చాడు. అది కొలిచే పనిముట్టు, గాలిని లోపలికి పంపేది కాదు.

పెడల్ అతుక్కోవడంతో మొదలుపెడదాం, అదే అన్నిటికంటే తేలిక. ఇంజిన్ కట్టేసి చల్లారనివ్వండి. బోనెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావుపాటి రబ్బరు పైపు క్లాంపు వదులు చేసి థ్రాటిల్ బాడీ నుంచి తప్పించండి. లోపల నాణెంలా గుండ్రటి ఇత్తడి రంగు ప్లేటు కనిపిస్తుంది. కేబుల్ తగిలే లివర్‌ను చేత్తో తిప్పి ప్లేటు తెరిచి, అది ఆనే చోట గోడ మీద టార్చి వేసి చూడండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అక్కడ నల్లగా, ఆరిన బెల్లంపాకంలా ఒక వలయం పేరుకుని ఉంటుంది. ఇంజిన్ అడుగున పుట్టే నూనె ఆవిరిని పీసీవీ పైపు మళ్లీ ఇంజిన్‌కే తాగిస్తుంది. దానికి పొగ మసి తోడై, ఇంజిన్ కట్టేశాక ఆ వేడికి అక్కడే గట్టిపడుతుంది. రాత్రంతా చల్లారిన బండిలో ప్లేటు అంచు ఆ జిగురులో ఇరుక్కుంటుంది. పొద్దున మీరు పెడల్ నొక్కితే అది విడిపోవడానికి మొదట మొరాయించి, తర్వాత ఒక్కసారిగా తెరుచుకుంటుంది. బండి దూకేది అందుకే.

దీనికి థ్రాటిల్ బాడీ క్లీనర్ ఒక డబ్బా, పాత బనియన్ గుడ్డ ఒకటి, చిన్న బ్రష్ ఒకటి చాలు. గుడ్డ మీద స్ప్రే చేసి తుడవండి. నేరుగా బుసబుసా కొట్టేస్తే ఆ బురదంతా ఐఏసీ రంధ్రంలోకీ టీపీఎస్ ఇరుసులోకీ దిగుతుంది. ప్లేటు రెండు వైపులా, అంచు, ఇరుసు మొదలు, అన్నీ తుడవాలి. ఒక హెచ్చరిక: కొన్ని థ్రాటిల్ బాడీలకు లోపల పల్చటి పూత ఉంటుంది, తుడవొద్దని పైన స్టిక్కరు కూడా అంటించి ఉంటారు. అలాంటివాటి మీద ఘాటైన కార్బురేటర్ క్లీనర్ వాడితే పూత ఊడి, ప్లేటు పక్కనుంచి గాలి శాశ్వతంగా లీకవుతుంది. స్టిక్కరు ఉంటే అది చెప్పినట్టే వినండి.

చేతులెలాగూ మురికయ్యాయి కాబట్టి కేబుల్ కూడా చూసేయండి. థ్రాటిల్ బాడీ దగ్గర కేబుల్ కొస ఊడదీసి, పెడల్ దగ్గర ఒకరిని నొక్కమని చెప్పి లోపలి తీగ జారడం గమనించండి. ఎక్కడా పట్టుకోకూడదు. తీగ పోగు ఒక్కటి విడిపోయి ముల్లులా లేచినా కేబుల్ మార్చాల్సిందే, నూనె వేసి సరిపెట్టకండి. కేబుల్ విప్పి ఉండగా లివర్‌ను తెరిచి వదిలితే టక్కుమని మూసుకోవాలి. అలా కాకుండా నెమ్మదిగా వాలితే స్ప్రింగు నీరసించినట్టు, లేదా ఇరుసు దగ్గర మురికి పట్టినట్టు. కొన్ని మాన్యువల్ బండ్లలో డాష్‌పాట్ అని ఒక చిన్న కుప్పె ఉంటుంది. ప్లేటు చివరి కొద్ది దూరం మెల్లగా మూసుకునేలా చేయడమే దాని పని. అది ఉంటే చివర్లో అర క్షణం నెమ్మది మామూలే.

కేబుల్ విషయంలో చాలామందికి తట్టనిది ఇంకొకటి ఉంది, ఎర్త్ వైరు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పుపట్టి తెగితే, సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ భారీ కరెంటు తిరిగి వెళ్లడానికి దారి వెతుక్కుంటుంది. దానికి దొరికే లోహపు దారుల్లో యాక్సిలరేటర్ కేబుల్ ఒకటి. తీగ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ గొట్టం కరుగుతుంది, ఆపైన తీగ అందులో ఇరుక్కుంటుంది. కొత్త కేబుల్ వేసినా కొన్నాళ్లకు అదే కథ. సెల్ఫ్ రెండు మూడు సార్లు కొట్టాక కేబుల్ వెచ్చగా తగిలితే, కేబుల్‌ను వదిలేసి ఎర్త్ పట్టీ వెతకండి.

ఇంజిన్ మౌంట్ల మీద కూడా ఒక కన్నేయండి. మౌంటు రబ్బరు తెగితే ఇంజిన్ ఒక పక్కకు లేస్తుంది, దాంతోపాటు కేబుల్‌నూ లాగుతుంది. ఇదేదో భయపెట్టడానికి చెబుతున్నది కాదు. అమెరికాలో 1971 చివర జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది ఈ మౌంట్ల గొడవతోనే. మౌంటు విరిగితే ఇంజిన్ లేచి యాక్సిలరేటర్‌ను తెరిచి పట్టేస్తోందని. ఇంజిన్ పైకి లేవకుండా ఒక తీగ కట్టి పంపించారు.

ఇక వేలాడే ఆర్‌పీఎం. ఇంజిన్ బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, బెల్టులకూ ఫ్యానుకూ చేతులు దూరంగా ఉంచి 3000 దాకా రేస్ ఇచ్చి వదలండి. 2000 దగ్గర వేలాడుతుండగా థ్రాటిల్ లివర్‌ను మూసుకునే వైపుకి వేలితో నెట్టండి. అంతే పరీక్ష. నెట్టగానే ఆర్‌పీఎం పడిపోతే ప్లేటు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట, మొదటి దారిలోనే దొంగ దొరికాడు. కొందరు పెడల్ కింద కాలి బొటనవేలు పెట్టి పైకెత్తి చూస్తారు. అది దండగ. కేబుల్ లాగగలదే గానీ తొయ్యలేదు, పెడల్ ఎత్తినంత మాత్రాన ప్లేటు మూసుకోదు. అందుకే ఇంజిన్ దగ్గరే చూడమంటున్నాను.

లివర్ నెట్టినా తేడా లేకపోతే రెండో దారి. చాలా పాత ఇంజిన్లలో ఐఏసీ వాల్వుకు గాలి ఒక రబ్బరు పైపులోంచి వెళుతుంది. ఆ పైపును గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కి మూయండి. వేడి ఇంజిన్ ఐడిలింగ్ అప్పుడు బాగా కిందికి పడాలి, ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. పైపు మూయగానే వేలాడటం, ఊగడం పోతే వాల్వు మసితో తెరుచుకుని ఇరుక్కుందని అనుమానించండి. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు తిరిగి పనిచేస్తుంది. కొన్ని బండ్లలో ఈ దారి థ్రాటిల్ బాడీ లోపలే ఉండి పైపు కనిపించదు, అప్పుడు వాల్వు విప్పి చూడటమే. ఈ సందర్భంలోనే రేడియేటర్ నీళ్లు కూడా చూసుకోండి. నీళ్లు తగ్గి గాలి బుడగ చేరితే టెంపరేచర్ సెన్సర్ చల్లగా ఉన్నట్టు చెబుతుంది, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ ఐడిలింగ్ పెంచేస్తుంది. మూత మాత్రం చల్లారాకే తీయండి.

పైపు మూసినా ఆర్‌పీఎం పైనే ఉందంటే మూడో దారి, దొంగదారి. ఇక్కడ కాస్త ఓపిక కావాలి. ఒక్కో వాక్యూమ్ పైపునూ వేళ్లతో వంచి చూడండి, రబ్బరు మీద సన్నటి గీతలు తేలితే అది అయిపోయినట్టే. పీసీవీ వాల్వును ఊడదీసి ఊపితే గిలకలా మోగాలి. మోగకపోతే ఇరుక్కుంది. బ్రేకు పెడల్ నొక్కి పట్టినప్పుడు ఐడిలింగ్ మారుతోందా? అయితే బూస్టర్ డయాఫ్రమ్ వైపు చూడాలి, అది బ్రేకుల వ్యవహారం కాబట్టి వాయిదా వేయకండి. ఇన్‌టేక్ గ్యాస్కెట్ అంచుల దగ్గర పూలకుండీలకు వాడే స్ప్రే సీసాతో నీళ్లు పొగమంచులా కొట్టండి. లీకు మీద పడ్డప్పుడు ఇంజిన్ చప్పుడు ఒక్క క్షణం మారుతుంది. డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గు వైర్ల మీద పడనివ్వకండి. ఇదే పరీక్షను పెట్రోలుతోనో మండే స్ప్రేతోనో చేసేవాళ్లున్నారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన ఆ సాహసం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నా పాత పికప్ సంగతి చెబుతాను. సరిగ్గా మీలాగే గేర్ల మధ్య వేలాడేది, కానీ నిలబెట్టి ఎంత రేస్ ఇచ్చినా బుద్ధిగా దిగేది. నేను తెలివి ఉపయోగించి థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పాను. రెండు వారాలు కుస్తీ. చివరికి ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే ఆ లావుపాటి రబ్బరు పైపు మడతల మధ్య, అడుగు వైపు, వేలెడు పొడవు చీలిక కనిపించింది. మామూలుగా చూస్తే మడత మూసుకుని ఉండేది, చేత్తో సాగదీస్తే నోరు తెరిచేది. గేరు మార్చేటప్పుడు ఇంజిన్ ఊగినప్పుడల్లా అది తెరుచుకుని, ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కలోకి రాని గాలి లోపలికి పోయి, ఈసీయూ లెక్కలన్నీ తారుమారయ్యేవి. కాబట్టి ఆ పైపును చూసి వదిలేయకండి, సాగదీసి చూడండి.

స్టాప్ స్క్రూ ముట్టుకోవడం నేను చేసిన తప్పు. అది ఐడిలింగ్ స్క్రూ అనిపిస్తుంది, నిజానికి ప్లేటు గోడకు ఒరుసుకోకుండా ఫ్యాక్టరీలో పెట్టిన హద్దు. దాన్ని తిప్పితే టీపీఎస్ సున్నా స్థానం మారిపోతుంది, అక్కడి నుంచి ఏ పరీక్షా సరిగ్గా రాదు. మీ బండిలో దాని మీది రంగు చుక్క చెదిరిందేమో చూడండి. చెదిరితే ఈ ఆరు నెలల్లో ఎవరో తిప్పారు.

ఊగడం గురించి ఇప్పుడు చెప్పాలి, ఈసీయూ సాక్ష్యం ఇక్కడే ఉంది. యాక్సిలరేటర్ వదిలేసినట్టు టీపీఎస్ చెబుతూ, ఆర్‌పీఎం మాత్రం ఒక హద్దు దాటి పైన ఉంటే, బండి వాలులో దిగుతోందనుకుని ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది. ఆపగానే ఆర్‌పీఎం పడుతుంది. పడగానే ఇంజిన్ ఆగిపోకుండా మళ్లీ పెట్రోల్ ఇస్తుంది. లోపలికి వస్తున్న అదనపు గాలి అలాగే ఉంది కాబట్టి మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ ఆపుతుంది. మీరు చెప్పిన 1000, 1800 మధ్య ఆ లయబద్ధమైన ఊగుడు చాలావరకు ఇదే. అంటే టీపీఎస్ మూసి ఉందని చెబుతోంది, ఈసీయూ విని పెట్రోల్ కత్తిరిస్తోంది. రెండూ డ్యూటీలో ఉన్నాయి. పనిచేస్తున్నదాన్ని తీసేసి మరోటి పెడతానంటున్నాడు మీ మెకానిక్.

అయినా కొత్త టీపీఎస్ సరిగ్గా బిగించారో లేదో చూడటం మంచిది. చాలావాటికి స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉంటాయి, అటూ ఇటూ జరిపి సెట్ చేయాలి. ఇంజిన్ కట్టేసి, తాళం ఆన్‌లో పెట్టి, సిగ్నల్ వైరు మీద మల్టీమీటర్ పెడితే ప్లేటు మూసి ఉన్నప్పుడు అర వోల్టు ప్రాంతం, పూర్తిగా తెరిచినప్పుడు 4.5 ప్రాంతం రావడం మామూలు. మీ బండికి కచ్చితమైన అంకె సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. లివర్‌ను గడియారం ముల్లంత నెమ్మదిగా తెరుస్తూ చూడండి. మధ్యలో ఎక్కడా అంకె గభాలున పడిపోకూడదు. దీనికి ముల్లు ఉన్న పాతకాలపు మీటరే మేలు, చిన్న కుదుపు కూడా ముల్లు చెప్పేస్తుంది. డిజిటల్ మీటరు చాలాసార్లు దాన్ని మింగేస్తుంది.

చెక్ ఇంజిన్ దీపం వెలిగిందో లేదో మీరు రాయలేదు. మీది అమెరికా మార్కెట్ బండి అయి, 1996 లేదా తర్వాతి మోడల్ అయితే ఈసీయూలోని తప్పుల కోడ్‌లు చదివే ఓబీడీ-2 స్కానర్ తగిలించొచ్చు. అంతకు ముందువైతే చాలావాటిలో డయాగ్నస్టిక్ సాకెట్లో రెండు పిన్నులు కలిపితే ఆ దీపమే మిణుకుమిణుకుమంటూ కోడ్ చెబుతుంది. స్కానర్‌లో పి0505 వస్తే ఐడిలింగ్ కంట్రోల్ వైపు, పి0171 వస్తే పెట్రోల్ కంటే గాలి ఎక్కువైందని. రెండోది చూసి చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు, పాపం అది చేసిన నేరమల్లా నిజం చెప్పడమే. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె) కనిపిస్తే ఐడిలింగ్‌లో ఒకసారి, 2500 దగ్గర ఒకసారి రాసుకోండి. ఐడిలింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి, రేస్ ఇచ్చాక మామూలైతే వాక్యూమ్ లీకు. రేస్ ఇచ్చేకొద్దీ ఇంకా పెరిగితే పెట్రోల్ ఫిల్టరు, పంపు, లేదా మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్.

నడుస్తున్నప్పుడు మాత్రమే వేలాడి, బండి పూర్తిగా ఆగగానే దిగిపోతే? కొన్ని కంపెనీలు కావాలనే అలా పెట్టాయి. చక్రాలు తిరుగుతున్నంతసేపూ, బండి ఉన్నట్టుండి ఆగిపోకుండా ఐడిలింగ్ కాస్త ఎక్కువ ఉంచుతాయి. 1200, 1500 దాకా అయితే నేను పట్టించుకోను. మీ 2000 మాత్రం ఎక్కువే.

క్లచ్‌ను కూడా ఒకసారి నిర్దోషి అనిపించుకోనివ్వాలి. నాలుగో గేరులో ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఆర్‌పీఎం ఎగిరి, వేగం మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది. అది వేరే జబ్బు. "పికప్‌కి పికప్ లేదు" అని వచ్చే ఉత్తరాల్లో చాలా వాటికి కారణం ఇదే. మీది క్లచ్ నొక్కి ఉన్నప్పుడు జరుగుతోంది కాబట్టి నాకు దాని మీద అనుమానం లేదు.

మీ బండి విషయంలో నా పందెం: జిగురు పట్టిన థ్రాటిల్ ఒకటి, దాంతోపాటు ఇరుక్కున్న ఐఏసీ గానీ చీలిన పైపు గానీ మరొకటి. శుభ్రం చేశాక కొంతసేపు ఐడిలింగ్ వంకరగా ఉంటుంది, తెల్లటి పొగ కూడా కాస్త రావచ్చు, బెదరకండి. మసికి అలవాటుపడిన ఈసీయూ కొత్త లెక్క నేర్చుకోవాలి. బ్యాటరీ మైనస్ వైరు కాసేపు తీసి పెట్టి, ఆ తర్వాత ఏసీ, లైట్లు కట్టేసి పది నిమిషాలు ఇంజిన్‌ను దాని మానాన వదిలేయండి. రేడియో కోడ్ అడిగే రకమైతే వైరు తీయకముందే అది రాసి పెట్టుకోండి.

లివర్ నెట్టినప్పుడు ఏమైంది, ఐఏసీ పైపు నొక్కినప్పుడు ఏమైంది, ప్లేటు మూసి ఉండగా టీపీఎస్ వోల్టు ఎంత. ఈ మూడూ రాసి పంపండి. ఈసీయూ డబ్బులు అప్పటిదాకా జేబులోనే ఉండనివ్వండి.